ఫిన్లాండ్ అడవిలో బెర్రీలు ఏరుకోవడం ఎలా? ఆకు చూడండి, నేల చూడండి, ఆ తర్వాతే పండు

జులై నడుమ నుంచి మంచు పడేదాకా ఫిన్లాండ్ అడవుల్లో నేల మీదంతా పండే. ఉద్యోగానికో చదువుకో వచ్చిన తెలుగువాళ్లు కూడా ఇరుగుపొరుగు బకెట్లు పట్టుకుని వెళ్లడం చూసి బయల్దేరతారు. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటే: పండు రంగు చూసి చెయ్యి పెడతారు. అడవిలో ఎర్రటివన్నీ ఒకలాగే కనిపిస్తాయి, నల్లటివన్నీ ఒకలాగే కనిపిస్తాయి. ఆకు మాత్రం మోసం చెయ్యదు. అందుకే ఇక్కడ ప్రతి పండునూ ముందు నేలతో, తర్వాత ఆకుతో, చివర రంగుతో గుర్తుపట్టడం చెబుతున్నాం.

ముందు హక్కు సంగతి

అడవి ఎవరిదైనా సరే, అందులో నడవొచ్చు, పండ్లు ఏరుకోవచ్చు. యజమానిని అడగక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, ఆ దేశ పౌరులై ఉండక్కర్లేదు. ఫిన్నిష్‌లో దీన్ని యోకమియెహెన్ ఓయ్‌కెఉస్ అంటారు, అంటే ప్రతివాడి హక్కు. స్వీడన్, నార్వేల్లోనూ ఇలాంటి హక్కే ఉంది కానీ వివరాల్లో తేడాలున్నాయి. ఉత్తర నార్వేలో సొంత నేలలో కాసే క్లౌడ్‌బెర్రీని ఏరుకుపోవద్దని యజమాని చెప్పొచ్చు. అక్కడికక్కడ నోట్లో వేసుకున్నదానికి మాత్రం అడ్డు లేదు.

హద్దులు కొన్నే. ఇంటి పెరట్లోకి, సాగులో ఉన్న పొలంలోకి వెళ్లకూడదు. కొమ్మలు విరవడం, నాచు, లైకెన్ పీక్కోవడం ఈ హక్కులోకి రావు. కారును రోడ్డు దించి అడవిలోకి తోలకూడదు. జాతీయ పార్కుల్లో పండ్లు ఏరుకోవచ్చు, ఎస్పూ పక్కనున్న నూక్సియోలో కూడా. పూర్తి రక్షణలో ఉన్న ప్రకృతి రిజర్వులు వేరు, వాటిలోకి అనుమతి లేకుండా అడుగే పెట్టకూడదు. దారి మొదట్లో ఉన్న బోర్డు చదవడానికి ఒక్క నిమిషం చాలు. ఇంకొకటి: సొంతంగా ఏరిన అడవి పండ్లను ఏరినవి ఏరినట్టే అమ్ముకుంటే ఆ డబ్బుకు ఫిన్లాండ్‌లో ఆదాయపన్ను లేదు.

బిల్‌బెర్రీ: మొదట దీనితో మొదలుపెట్టండి

ఫిన్నిష్‌లో ముస్తిక్క. దక్షిణాన జులై రెండో సగం నుంచి ఆగస్టు చివరిదాకా ఉంటుంది, లాప్‌లాండ్‌లో కాస్త ఆలస్యం. డబ్బాల్లో అమ్మే పెద్ద బ్లూబెర్రీ, ఇదీ ఒకటి కాదు. ఒక పండు తీసి వేళ్ల మధ్య చిదిపి చూడండి. తోటల బ్లూబెర్రీ లోపల తెల్లగానో లేతాకుపచ్చగానో ఉంటుంది. ముస్తిక్కకు లోపలా బయటా అదే ముదురు ఊదా. తిన్నాక నాలుక చూసుకుంటే నేరేడు పండ్లు తిన్నట్టే. చొక్కా మీద పడితే ఆ మరకా అంతే మొండిది.

నేల: నాచు పరుచుకున్న, వయసు మీరిన స్ప్రూస్ అడవి, సగం నీడ. ఎండ నేరుగా కొట్టే చోట మొక్కలు ఎండిపోయి కాపు పలచబడుతుంది, చిక్కటి చీకట్లో ఆకు తప్ప పండు ఉండదు. పాత అడవి అంచులూ, చెట్ల మధ్య చిన్న ఖాళీలూ వెతకండి. మొక్క మోకాలి దాకా కూడా రాదు. కాండం పచ్చగా, పలకలు పలకలుగా ఉంటుంది. ఆకు పలచన, అంచున సన్నని రంపపు పళ్లు. పండ్లు గుత్తులుగా కాయవు, ఆకు మొదట్లో ఒక్కొక్కటే వేలాడుతుంది.

చిత్తడి అంచుల్లో దీని పక్కనే ఇంకో నీలి పండు కనిపిస్తుంది, పేరు యుఓలుక్క. కాండం గుండ్రంగా, గోధుమరంగులో, కర్రలా ఉంటుంది. ఆకు నీలం కలిసిన పచ్చ, అంచు నున్నన. లోపలి గుజ్జు పాలిపోయి ఉంటుంది. తినొచ్చు, ప్రమాదమేమీ లేదు, కాకపోతే రుచి చప్పన. బకెట్లో ఇవి ఎక్కువైతే జామ్ నీళ్లనీళ్లగా వస్తుంది.

లింగన్‌బెర్రీ: తెలుగు వంటింటికి బాగా పనికొచ్చేది

ఫిన్నిష్‌లో పుఓలుక్క. ఆగస్టు ఆఖరు నుంచి మంచు పడేదాకా. పొడి ఇసుక నేల, పలచటి పైన్ అడవి, బాగా వెలుతురు. చెట్లు కొట్టేసి కొన్నేళ్లయిన చోట్లు, పాత మొద్దుల చుట్టూ ఉన్న నేలా మంచి కాపు ఇస్తాయి. ఆకు దళసరిగా, మైనం పూసినట్టు మెరుస్తూ ఉంటుంది, చలికాలంలోనూ రాలదు. ఇప్పుడు ఆకును తిరగేయండి. అడుగున చిన్న చిన్న ముదురు చుక్కలుంటాయి, అంచులు కిందికి మడత పడి ఉంటాయి. ఈ రెండూ ఉంటే అది లింగన్‌బెర్రీయే.

ఈ చుక్కల గొడవ ఎందుకంటే, అదే పైన్ అడవిలో, అదే ఇసుకలో నేల మీద పాకుతూ ఇంకో ఎర్ర పండు కాస్తుంది. పేరు సియాన్‌పుఓలుక్క, అంటే పంది లింగన్. దాని ఆకు అడుగున చుక్కలు ఉండవు, వలలా ఈనెలు కనిపిస్తాయి, అంచు మడత పడదు. పండు కొరికితే పిండి నమిలినట్టు, రసం ఉండదు. విషం కాదు కానీ పచ్చట్లో పడితే పచ్చడంతా మట్టి రుచి వస్తుంది.

లింగన్ ఒక వైపు ఎరుపు, ఇంకో వైపు తెలుపు ఉంటే ఇంకా కాలేదని. తొందరపడి ఏరితే పులుపు కన్నా వగరు, చేదు ఎక్కువగా ఉంటాయి. సెప్టెంబరు రెండు మూడు వారాలు గడవనివ్వండి.

క్లౌడ్‌బెర్రీ: ఎరుపు కాయ, పసుపు పండు

ఫిన్లాండ్ 2 యూరోల నాణెం వెనక ఉన్నది దీని పువ్వూ పండే. ఉత్తరాన హిల్ల అంటారు, దక్షిణాన లక్క అని కూడా. మన చెవికి ఆ రెండో పేరు సీలు వేసే లక్కలా వినబడుతుంది, దానికీ దీనికీ సంబంధం లేదు.

మన భాషలో కాయ, పండు అని రెండు మాటలు ఉండడం ఇక్కడ భలే పనికొస్తుంది. క్లౌడ్‌బెర్రీ ఎర్రగా, గట్టిగా ఉంటే అది కాయ. పసుపు కలిసిన నారింజ రంగుకు తిరిగి, వేలితో తాకితే మెత్తగా తగిలితే పండు. అంటే మిరపకూ టమాటాకూ సరిగ్గా తిరగేసిన లెక్క. ఇంకో గుర్తు తొడిమ దగ్గరి ఆకుపచ్చ రెక్కలు. కాయను అవి పిడికిలిలా మూసి పట్టుకుంటాయి, పండాక వెనక్కి విచ్చుకుంటాయి. పండినదాన్ని మెల్లగా లాగితే రెక్కలు మొక్కకే ఉండిపోయి పండొక్కటే చేతికొస్తుంది. రాకపోతే దాన్ని వదిలేయండి, రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు.

ఇది కాసేది చిత్తడి నేలల్లో. ఒక కాడకు ఒక్క పండే. పైగా ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరు, కాబట్టి చిత్తడి అంతా ఆకులు పరుచుకుని ఉన్నా పండు ఒక్కటీ లేకపోవచ్చు. జూన్‌లో తెల్లపూలు విచ్చే రోజుల్లో రాత్రి మంచు పట్టినా, తేనెటీగలు తిరగలేనంత వాన కురిసినా ఆ ఏడు అక్కడ కాపు ఉండదు. దక్షిణాన జులై, లాప్‌లాండ్‌లో జులై చివర నుంచి ఆగస్టు నడుమ. ఒక్కో చోట రెండు వారాలకు మించి నిలవదు. మంచి చోటు ఎక్కడో స్థానికులు చెప్పరు, అడగడం కూడా మర్యాద కాదు. లాప్‌లాండ్‌లోని రనువాలో ఆగస్టు మొదట్లో హిల్ల సంత జరుగుతుంది. ఏరే ఓపిక లేకపోతే అక్కడ కొనుక్కోవచ్చు.

చిత్తడిలో నడక వేరు. మోకాలి దాకా రబ్బరు బూట్లు, చేతిలో కర్ర. గడ్డి, పొదలు పెరిగిన మిట్టల మీదే అడుగు వేయండి. చదునుగా, నున్నగా, తళతళలాడే ఆకుపచ్చ నాచు కనిపించిందంటే దాని కింద నీళ్లు. నల్లటి బురద తేలిన చోటు అంతకన్నా ప్రమాదం. ఒంటరిగా వెళ్లొద్దు.

ఏరకూడనివి

నాలుగింటిని గట్టిగా గుర్తుపెట్టుకోండి. కియెలో ఫిన్లాండ్ జాతీయ పుష్పమే కానీ ఒళ్లంతా విషం. రెండు వెడల్పాటి పొడవాకుల మధ్య నుంచి లేచిన కాడకు నారింజ కలిసిన ఎర్ర పండ్లు వరసగా వేలాడతాయి. సుదెన్‌మర్య, అంటే తోడేలు పండు, నాలుగు ఆకులు చక్రంలా పరుచుకుని నడిమధ్య ఒక్క నల్ల పండుతో ఉంటుంది. బిల్‌బెర్రీ అనుకుని పిల్లలు నోట్లో పెట్టుకునేది ఎక్కువగా దీన్నే. న్యాసియా పొద ఎర్ర పండ్లు తొడిమ లేకుండా కొమ్మకే అతుక్కుని ఉంటాయి, ఇది చాలా విషం. ముస్తకొన్నన్‌మర్య నల్లగా, నిగనిగలాడుతూ గుత్తిగా కాస్తుంది. బిల్‌బెర్రీ ఎప్పుడూ గుత్తిగా కాయదని పైన చెప్పుకున్నాం కదా, అది ఇక్కడ పనికొస్తుంది.

అనుమానం వస్తే కొరికి చూడొద్దు, వదిలేయండి. ఎవరైనా తినేస్తే ఫిన్లాండ్ విష సమాచార కేంద్రం నంబరు 0800 147 111, రాత్రింబవళ్లు పలుకుతుంది. స్పృహ తప్పినా, ఊపిరి కష్టమైనా నేరుగా 112. మొక్క కొమ్మ ఒకటి వెంట తీసుకెళ్లండి.

బయల్దేరే ముందు

సరంజామా కొంచెమే. మూత ఉన్న 10 లీటర్ల బకెట్, నడుముకు కట్టుకునే చిన్న డబ్బా, బెర్రీ దువ్వెన, రబ్బరు బూట్లు, లేతరంగు పూర్తి చేతుల చొక్కా, మెరిసే రంగు చేతుల్లేని కోటు. శరదృతువులో మూస్ వేట సాగుతుంది, వేటగాళ్లకు మీరు దూరం నుంచే కనబడాలి. ఫోను పూర్తిగా ఛార్జి చేసి, 112 సుఓమి యాప్ పెట్టుకోండి. అందులోంచి ఫోన్ చేస్తే మీరున్న చోటు వాళ్లకు తెలుస్తుంది. వంగి ఏరుతూ ఏరుతూ దిక్కు మర్చిపోవడం ఇక్కడ మామూలే, కారు పెట్టిన చోటును మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. రద్దీ రోడ్డుకు కనీసం 50 మీటర్ల లోపలికి వెళ్లాకే ఏరడం మొదలుపెట్టండి.

దోమలు సరే, అవి అందరికీ తెలిసినవే. అసలు జాగ్రత్త పడాల్సింది పిడుదులకు, ముఖ్యంగా దక్షిణ తీరంలో, తుర్కు దీవుల్లో, ఆలాండ్‌లో. లేతరంగు బట్టల మీద అవి కనబడతాయి. ఫ్యాంటు కొసలు సాక్సులోకి దోపండి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, పిల్లలకు చెవుల వెనక చూడండి. పట్టుకుని ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నేరుగా లాగేయండి. నూనె, వెన్న పూయడం వంటివి చేయొద్దు. కుట్టిన చోట కొన్ని రోజులకో వారాలకో ఎర్రటి మచ్చ పుట్టి 5 సెంటీమీటర్లు దాటి పాకితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అది బొరేలియా అనే పిడుదు జబ్బు కావచ్చు. పిడుదు వల్ల వచ్చే మెదడువాపుకు టీకా ఉంది, బొరేలియాకు లేదు.

ఇక్కడి పాముల్లో విషపుది ఒక్కటే, క్యూ అంటారు, వీపు మీద వంకర్ల గీత. బూట్లుంటే చాలావరకు భయం లేదు. కాటేస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏదీ వద్దు. కాలు కదలకుండా ఉంచి 112కు ఫోన్ చేయండి.

ఏరే తీరు

బిల్‌బెర్రీకి, లింగన్‌కు దువ్వెన వాడొచ్చు. చిన్న డబ్బాకు ముందువైపు పొడవాటి పళ్లు ఉంటాయి, అంతే. మొక్క అడుగు నుంచి పళ్లను దూర్చి, పిడిని మీ వైపు మెల్లగా వంచుతూ పైకి ఎత్తండి. పండు పళ్ల మీదుగా దొర్లి డబ్బాలో పడాలి. ఒక్క గుంజు గుంజితే ఆకులూ కొమ్మలూ తెగి వస్తాయి, సగం పండ్లు చితికిపోతాయి, ఆ మొక్క వచ్చే ఏడు కాపు తగ్గిస్తుంది. దువ్వెన బరువెక్కుతోంది అనిపిస్తే మీరు పండు కాదు, మొక్క లాగుతున్నారు.

పొద్దున మంచు ఆరాకే మొదలుపెట్టండి. తడి పండుకు ఆకు అతుక్కుంటుంది, శుభ్రం చేసేటప్పుడు రెట్టింపు పని. బిల్‌బెర్రీ బకెట్‌ను సగానికి మించి నింపొద్దు, పైనున్న బరువుకు అడుగుది రసమైపోతుంది. లింగన్ గట్టిది, నిండుగా పోసినా ఏం కాదు. క్లౌడ్‌బెర్రీకి దువ్వెన ఊసే వద్దు, ఒక్కొక్కటీ చేత్తోనే.

దువ్వెన మంచీ చెడూ చూడదు, అన్నీ లాక్కొస్తుంది. ప్రతి రెండు మూడు డబ్బాలకోసారి బకెట్‌లోకి తొంగిచూసి వేరే పండ్లేమైనా పడ్డాయా అని చూసుకోండి.

తూర్పారబట్టడం

మన ఊళ్లో ధాన్యం తూర్పారబట్టినట్టే. గాలి వీచే చోట పాత దుప్పటి పరిచి, దాని మీద పెద్ద గిన్నె పెట్టి, బకెట్‌లోంచి పండ్లను అర మీటరు ఎత్తు నుంచి సన్నని ధారగా పోయండి. ఆకులు ఎగిరిపోతాయి, పండ్లు గిన్నెలో పడతాయి. గాలి లేకపోతే టేబుల్ ఫ్యాన్. రెండో పద్ధతి ఇంట్లోకి బాగుంటుంది: ఒక పలకకు తడి తువ్వాలు చుట్టి ఏటవాలుగా పెట్టి, పండ్లను పైనుంచి కొంచెం కొంచెంగా దొర్లించండి. ఆకులు తడికి అతుక్కుంటాయి, పండ్లు కిందికి జారిపోతాయి. తువ్వాలు నిండగానే దులిపి మళ్లీ తడపాలి.

కడగడం లింగన్‌కు సరే. బిల్‌బెర్రీని కడగొద్దు, పల్చటి తోలు నీటికి మెత్తబడుతుంది. వాడేముందు అవసరమైతే ఒక్కసారి చల్లటి నీళ్ల కింద చూపించండి చాలు.

దాచడం

లింగన్‌లో, క్లౌడ్‌బెర్రీలో బెంజోయిక్ ఆమ్లం సహజంగానే ఉంటుంది. ఊరగాయ సీసాల మీద సోడియం బెంజోయేట్ అని రాస్తారు చూడండి, ఆ కుటుంబమే. అందుకే లింగన్ పంచదార లేకుండానే నిలవ ఉంటుంది. కడిగి, చితికినవి తీసేసి, మరిగించిన నీళ్లతో శుభ్రం చేసిన సీసాల్లో నింపి, కాచి చల్లార్చిన నీళ్లు పైదాకా పోసి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే చలికాలమంతా వస్తుంది. స్వీడన్‌వాళ్ల పాత పద్ధతి ఇది.

బిల్‌బెర్రీకి ఆ రక్షణ లేదు, ఫ్రిజ్‌లో కూడా కొద్ది రోజులకే బూజు పడుతుంది. ఏరిన సాయంత్రమే ట్రేలో ఒకే వరసగా పరిచి, రాత్రంతా మైనస్ 18 డిగ్రీల్లో గడ్డకట్టించి, పొద్దున సంచుల్లో నింపండి. నేరుగా సంచిలో పోస్తే ఒకటే రాయిలా అవుతుంది, పగలగొట్టుకోవాలి. లీటరు పండు సుమారు 600 గ్రాములు తూగుతుంది. ఫిన్లాండ్ సంతలో బెర్రీలు లీటర్లలోనే అమ్ముతారు, మన సోల, మానిక లెక్కలాగా.

వంటింట్లో: లింగన్‌ను వాక్కాయ అనుకోండి

వాక్కాయతో చేసేవన్నీ దీంతో వస్తాయి, ఒక్క తేడాతో: లింగన్‌కు చివర సన్నని చేదు ఉంటుంది. అందుకని మెంతిపిండి బాగా తగ్గించండి. అల్యూమినియం గిన్నె వాడొద్దు, పులుపుకు రుచి మారిపోతుంది. స్టీలు మంచిది.

పచ్చడికి: లింగన్ 500 గ్రాములు, కారం 50, ఉప్పు 40, ఆవపిండి 15 గ్రాములు, మెంతిపిండి పావు టీస్పూను, నువ్వుల నూనె 120 మిల్లీలీటర్లు, వెల్లుల్లి రెబ్బలు 10, ఇంగువ చిటికెడు. పండ్లను బట్ట మీద పూర్తిగా ఆరబెట్టండి. సగం నూనెలో మధ్య మంట మీద వేస్తే మూడు నాలుగు నిమిషాల్లో చిటపటమని పగులుతాయి. పగిలిన వెంటనే దించేయండి, ఇంకా ఉంచితే జామ్ అవుతుంది. పూర్తిగా చల్లారాక పొడులు కలపండి. వేడి మీద ఆవపిండి కలిపితే చేదెక్కుతుంది, ఉన్న చేదుకు అది తోడు. మిగతా నూనెలో తాలింపు వేసి చల్లార్చి పోయండి. ఫ్రిజ్‌లో ఉంచి నెలలోపు వాడుకోండి. చేదు మరీ తగిలితే ఒక చెంచా బెల్లం.

పప్పుకు: 150 గ్రాముల కందిపప్పుకు 80 గ్రాముల లింగన్. పప్పు పూర్తిగా ఉడికి మెదిగాకే పండ్లు వేసి అయిదు నిమిషాలు ఉడికించండి. మొదటే కుక్కర్లో కలిపి పెడితే పులుపుకు పప్పు పలుకుగా ఉండిపోతుంది.

ఫిన్లాండ్‌వాళ్ల సొంత వంట ఒకటి మనకు సులువు, ఎందుకంటే అందులో పడేది బొంబాయి రవ్వే. పేరు విస్పిపూరో. లీటరు నీళ్లలో 300 మిల్లీలీటర్ల లింగన్ వేసి పది నిమిషాలు ఉడికించి, 100 మిల్లీలీటర్ల పంచదార కలపండి. 150 మిల్లీలీటర్ల రవ్వను చేత్తో జల్లుతూ, ఇంకో చేత్తో గరిటె తిప్పుతూ పోయండి. ఉప్మా చేసినవాళ్లకు ఉండలు కట్టకుండా పోయడం చెప్పక్కర్లేదు. పది నిమిషాలు సన్నమంట, చిటికెడు ఉప్పు. తర్వాత గిన్నెను చల్లటి నీళ్లలో పెట్టి పూర్తిగా చల్లార్చి, ఎలక్ట్రిక్ బీటరుతో గిలక్కొట్టండి. ముదురు ఎరుపు మెల్లగా లేత గులాబీకి తిరిగి, నురగలా పొంగి, గిన్నెలో మట్టం పైకి లేస్తుంది. వేడిగా ఉండగానే కొడితే గాలి నిలవదు, రవ్వ జావే మిగులుతుంది. రవ్వ ఎక్కువైతే చల్లారాక కేసరిలా గడ్డకట్టి బీటరు తిరగదు. అప్పుడు కాసిని చల్లటి నీళ్లు కలిపి మళ్లీ కొట్టండి, దారికొస్తుంది. గిన్నెలో వడ్డించుకుని, మీద చల్లటి పాలు, కొంచెం పంచదార.